ఏడు శనివారాల ఫలశ్రుతి

భిలాయి, సెక్టర్ 7
1 జూన్ 1997

అమ్మ పోయాక నన్ను తిట్టే బాధ్యతంతా ఒంటిచేత్తో మోస్తున్న గౌరక్కకు, తమ్ముడు గురునాథం నమస్కారాలు.

ఇక్కడ ఎండలు నిప్పులు చెరుగుతున్నాయి. రైల్ మిల్లులో ఎర్రగా కాలిన పట్టాల పక్కన ఎనిమిది గంటలు నిలబడి బయటికొస్తే, బయటే ఎక్కువ వేడిగా ఉంది. అయినా నా గొంతు ఎండలేదు. ఉగాది వెళ్ళినప్పటి నుంచి ఏడు శనివారాలు మా సెక్టర్ గుడి అరుగు మీద కథ చెప్పాను. విషయం ఏమిటనుకున్నావు? అప్పు!

ఈ ఊరు అప్పులో మునిగిపోయిందక్కా. ప్లాంటులో ఓవర్‌టైం ఆగిపోయింది గాని ఇళ్ళలో ఖర్చు ఆగలేదు. టీవీ వాయిదా, స్కూటర్ వాయిదా, చివరికి మిక్సీ కూడా వాయిదా. పచ్చడి సైతం అప్పు మీద రుబ్బుకుంటున్నారు! చూస్తూ ఊరుకుంటానా? ఏడుకొండలవాడు పెళ్ళికోసం కుబేరుడి దగ్గర చేసిన అప్పుతో మొదలుపెట్టాను. "ఆయన సాక్షాత్తు దేవుడు. ఆయనే ఇప్పటికీ వడ్డీ కట్టలేక నిలువుకాళ్ళ మీద నిలబడి ఉన్నాడు. ఆయనకు హుండీ ఉంది. మీకేం ఉంది? మీకెవడు వేస్తాడు?" అని గర్జించాను. హరిశ్చంద్రుడు ఆలిని అమ్ముకునే చోటికి వచ్చేసరికి ఆడవాళ్ళ వరసలో ఒక్క కొంగు పొడిగా లేదు. బాకీ వసూలుకు అతని వెంటపడ్డ నక్షత్రకుడి మాట ఎత్తగానే మగవాళ్ళందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారు.

ఏడో శనివారం, ఈ కథ ఏడు వారాలూ విన్నవాళ్ళకు ఋణబాధ తొలగిపోతుందని ఫలశ్రుతి చెప్పి కొబ్బరికాయ కొట్టాను. చప్పట్లు మారుమోగాయి. ఏడు వారాలవీ ఏడు క్యాసెట్లు చేయించాను. మన పెదనాన్న మనవడు రాజాబాబు రాయపూర్ పాసింజర్లో వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను. నువ్వూ విను, వీధిలో నలుగురికీ వినిపించు.

నీ చేతి మురుగులు మరిచిపోలేదు. మొన్న నవంబరులో మా అమ్మాయి అమ్ము పాలిటెక్నిక్ ఫీజుకు నువ్వు అమ్మ బంగారు మురుగులు రెండూ సేటు దగ్గర తాకట్టు పెట్టి ఎనిమిది వేలు పంపావు. మన ఒప్పందం నాకు కంఠతా: అసలు నేను పంపాలి, వడ్డీ నూట అరవై మేనకోడలికి నీ కానుకగా నెలనెలా నువ్వు కట్టుకుంటావు, ఈ కార్తీక పౌర్ణమి గడువు. దాటితే సేటు కరిగించేసుకుంటాడు. జనవరి నుంచి నెలకు అయిదువందలు పక్కన పెడుతున్నాను. అక్టోబరుకు అయిదువేలు. పూజా బోనస్ మూడువేలు. చూశావా, అప్పు గురించి చెప్పేవాడు అప్పు ఎలా తీర్చాలో కూడా ఎరిగినవాడే.

నీ
గురునాథం

---

విజయనగరం
9 జులై 1997

నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, పర్సు మాత్రం చిన్నది అయిన మా గురునాథాన్ని అక్క గౌరీదేవి దీవించి రాసేది.

క్యాసెట్లు అందాయి. మీ బావకు మిల్లు లాకౌటు అయిన దగ్గరనుంచి ఇంట్లోనే కూర్చుని పప్పులో పసుపు ఎంత వెయ్యాలో నాకు నేర్పుతున్నారు. ఆయన నోరు మూయించడానికైనా నీ గొంతు పనికొచ్చింది. శనివారం సాయంత్రం వీధిలో ఆడవాళ్ళందరం మా వసారాలో టేపురికార్డరు చుట్టూ కూర్చుంటున్నాం. మొన్నటికి నాలుగో క్యాసెట్ అయింది. పక్కింటి జోగమ్మ అయితే ఏడుపు వచ్చే చోటు ముందే తెలుసుకుని ముక్కు తుడుచుకుని సిద్ధంగా ఉంటాది. మూడో దాంట్లో హరిశ్చంద్రుడు కాటికి పోతుంటే వెనకాల ఎవడో "ఛాయ్ లావ్ భయ్యా" అన్నాడు. వాడి నోట్లో మన్నెయ్య.

ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. రెండో క్యాసెట్లో, ఏడుకొండలవాడి అప్పు పత్రం మీద సాక్షి సంతకాలు పెట్టినవాళ్ళూ దేవుళ్ళే, పరాయివాడి అప్పుకు పూచీ పడేవాడిది దైవాంశ అన్నావు. ఏటిరా ఆ మాట? నీకు అసలే కాదనడం రాదు. చిన్నప్పుడు బళ్ళో ఎవడు గాజు పగలగొట్టినా "నానే" అని చెయ్యెత్తేవాడివి. సంతకాల జోలికి పోకు.

వడ్డీ మొన్న ఒకటో తారీఖునే కట్టీసాను. నా సంగతి నువ్వు చూడక్కర్లేదు.

మిరియాల పాలు తాగు. అయిదో క్యాసెట్ మొదట్లో దగ్గావట, జోగమ్మ ఆగలేక ముందే పెట్టుకుని వినీసింది.

గౌరక్క

---

భిలాయి
24 ఆగస్టు 1997

మూడు వందల మైళ్ళ అవతలి నుంచి కూడా నా దగ్గు పట్టేసే గౌరక్కకు,

ఆలస్యానికి క్షమించు. మనసు కొంచెం కల్లోలంగా ఉంది. కంగారు పడకు, ధర్మసంబంధమైన కల్లోలమే. ఒక సత్పురుషుడి భారం కొంతకాలంగా నా భుజాల మీద పడింది. మోస్తున్నాను. మోయడమే భాగ్యం అనుకుంటున్నాను. మీ మరదలు ఇందుమతి మాత్రం అనుకోవడం లేదు.

ఏడు వారాల కథ అయిపోయినా, భజన రోజుల్లో నేను చెప్పే చిన్న కథలకు కొత్త శ్రోత ఒకాయన వస్తున్నాడు. భుజంగరావు అని, మన శ్రీకాకుళం వైపు మనిషే. లూనా మీద వచ్చి ముందు వరసలో కూర్చుంటాడు. కథ అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఆయన వెళ్ళడు. నాతోపాటు ఇంటికి వచ్చి, టీ తాగి, వినయంగా లేస్తాడు. నేను నక్షత్రకుణ్ణి వర్ణిస్తూ ఉంటే పొంగిపోతున్నాడు.

ఉత్తరం కురచ అయిందని కోప్పడకు. కార్తీక పౌర్ణమి నా మనసులో ఉంది.

గురునాథం

---

విజయనగరం
10 సెప్టెంబరు 1997

ఒరే గురునాథం, దీవెనలు తరవాత.

ఎవడా సత్పురుషుడు? స్వామీజీనెవర్నైనా తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావా? రెండు గదుల క్వార్టర్లో అమ్ము ఎక్కడ చదువుకుంటాది, ఇందుమతి మడి ఎక్కడ కట్టుకుంటాది? వాళ్ళకి నెయ్యి లేందే ముద్ద దిగదు. పాలు పోసి మేపడం మొదలెడితే నీ అయిదువందలు ఎక్కడ మిగుల్తాయి? రోజుకెన్ని పూటలు తింటున్నాడో రాయి. వెళ్తానన్నాడో లేదో కూడా రాయి.

ఆ లూనా ఆయన మంచివాడిలా ఉన్నాడు. అంత భక్తి ఉన్నవాణ్ణి వదులుకోకు.

ఇక్కడ మాకు శుభమే. మొన్న శుక్రవారం ఏడుగురు ముత్తైదువులను పిలిచి, బూరెలూ పులిహోరా చేసి పెట్టి, జాకెట్టు గుడ్డలిచ్చాను. కారణం తరవాత చెప్తాను. మంచి కారణమే.

గౌరక్క

---

విజయనగరం
5 అక్టోబరు 1997

గురునాథరావు గారికి,

నా ఉత్తరానికి జవాబు లేదు. ఎందుకు లేదో నిన్న రాజాబాబు వచ్చీసరికి తెలిసింది. వాడు మీ ఇంట్లో రెండ్రోజులున్నాడట. "అత్తా, స్వామీజీ ఎవరూ లేరు, గురునాథం బాబాయి ఇంట్లో ఫ్రిజ్ వచ్చింది! ఎర్రది! తలుపు తీస్తే లోపల దీపం ఎలిగిపోతాది!" అన్నాడు. ఐసు ముక్కలేసిన నిమ్మరసం తాగాడట. రెండు గ్లాసులు!

బాగుంది నాయనా. ఏడు వారాలు కంఠం చించుకుని వాయిదాల మీద మిక్సీ కొన్నవాళ్ళను చీల్చి చెండాడావే, నీ ఫ్రిజ్ ఏ దేవుడిచ్చాడు? అమ్మ మురుగులు సేటు ఇనప్పెట్టెలో చల్లగా ఉన్నాయి, నీ పెరుగు ఫ్రిజ్‌లో చల్లగా ఉంది. ఒళ్ళు మండుతున్నది నాకొక్కదానికే.

నా దగ్గరున్న అమ్మ వస్తువు ఆ మురుగులొక్కటేరా. ఆ చేత్తోనే నీకు అన్నం కలిపి పెట్టింది. పౌర్ణమికి నలభై రోజులు. ఆ ఎర్రదాన్ని అమ్ముతావో, దాన్లో నువ్వే కూర్చుంటావో నీ ఇష్టం.

ఇట్లు,
బొబ్బిలి వెంకయ్య నాయుడుగారి పెద్దకూతురు

---

భిలాయి
13 అక్టోబరు 1997

నాన్న పేరు పెట్టి సంతకం చేసి నన్ను చంపేసిన గౌరక్కకు, కాళ్ళ మీద పడి రాస్తున్నాను.

ఆ ఫ్రిజ్ నాది కాదు. మొత్తం చెబుతాను. పురాణం కలపకుండా చెబుతాను. కష్టమే, ప్రయత్నిస్తాను.

సత్పురుషుడంటే ఉదయ్‌కుమార్. ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, దగ్గర వెల్డరు, మా భజనలో ఢోలక్ వాయిస్తాడు. మార్చిలో పవర్‌హౌస్ బజారులో ఫైనాన్స్ కొట్టు నుంచి వాయిదాల మీద ఫ్రిజ్ కొన్నాడు. నెలకు ఆరువందల యాభై. ఠేకా పనివాడు కాబట్టి, ప్లాంటులో పర్మనెంట్ మనిషి ఒకడు పూచీ సంతకం పెట్టాలన్నారు. వచ్చి అడిగాడు. నాకు కాదనడం రాదని నీకు తెలుసు. పెట్టాను. పెట్టిన సంతకాన్ని గొప్ప చేసుకోవడానికే ఆ దైవాంశ మాట కథలో కలిపాను. నీ హెచ్చరిక చేరేసరికి సిరా ఆరిపోయి నాలుగు నెలలైంది.

మే నెల దాకా వాడు ఠంచనుగా కట్టాడు. జూన్ నుంచి ఆపేశాడు. భుజంగరావు భక్తుడు కాదక్కా, ఆ కొట్టు వసూళ్ళ మనిషి. నా నక్షత్రకుడు! టీ తాగేది అందుకే. నేను ఉదయ్‌ని పట్టుకుని నిలదీశాను: "ఏమయ్యా, ఎందుకు కట్టడం లేదు?"

వాడు చేతులు కట్టుకుని, కళ్ళల్లో నీళ్ళతో ఏమన్నాడో తెలుసా? "గురూజీ, ఏడు శనివారాలూ విన్నాను. ఒక్కటి కూడా మానలేదు. ఆరో వారం జ్వరంతో కూడా వొచ్చినాను. ఋణబాధ తొలగిపోతాదని తమరే కదా కొబ్బరికాయ కొట్టి చెప్పినారు!"

"అది ఫలశ్రుతిరా నాయనా!"

"ఫలించిందండి! జూన్ నెల నుంచి భుజంగరావుగారు నా ఇంటికి రావడం మానీసి తమరింటికి రావడం మొదలెట్టినారు. తమరి మాట ఎంత శక్తి!"

నేనేం చెప్పను? నా మాట అబద్ధమనాలా, వాడి భక్తి తప్పనాలా? నాలుగు నెలలు నేనే కట్టాను. రెండువేల ఆరువందలు. నీ మురుగుల డబ్బులోంచే. పోయిన నెలలో వాడికి నేనే కడుతున్నానని తెలిసి సిగ్గుపడి, ఫ్రిజ్‌ను రిక్షా మీద పెట్టి మా ఇంటికి తోలుకొచ్చాడు. "వాయిదా తమరిది అయినప్పుడు చల్లనీళ్ళు మేం తాగడం పాపం గురూజీ" అని వదిలేసి దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇందుమతి ముందు ముట్టుకోనంది. ఇప్పుడు కరివేపాకు కూడా అందులోనే పెడుతోంది.

ఎనిమిదివేలల్లో నా చేతిలో అయిదువేల నాలుగువందలున్నాయి. ఏం చేయాలో తోచడం లేదు.

నీ తిట్లకు అర్హుడైన
గురునాథం

---

విజయనగరం
18 అక్టోబరు 1997

గురునాథానికి,

తిట్టడం తరవాత. ముందు ఒక్క మాటకు సూటిగా జవాబు రాయి. ఏడు శనివారాలు వింటే ఋణం తొలగిపోతుందన్నది కథలోనే ఉందా, నువ్వు చేర్చావా?

వెంటనే రాయి. అర్జెంటు.

గౌరక్క

---

భిలాయి
28 అక్టోబరు 1997

అసలు సంగతి ఒకే ప్రశ్నతో పట్టుకున్న గౌరక్కకు,

నేనే చేర్చాను.

ఆరో శనివారం ఎండకు మూడు వరసలు ఖాళీగా ఉన్నాయి. ఏడో వారానికి జనం రారేమోనని భయమేసింది. వచ్చినవాళ్ళను చూడగానే సంతోషం పట్టలేక నోటికొచ్చిన ఫలం ప్రకటించేశాను. నీ ప్రశ్న చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. అందుకని మొన్న ఇరవై అయిదో తారీఖున ఎనిమిదో శనివారం కూడా కథ ఉందని గుడి గోడ మీద సుద్దతో రాయించాను. జనం విరగబడి వచ్చారు. ముందు వరసలో భుజంగరావు, వెనక కిరాణా కొట్టు సాహు, ఆడవాళ్ళ వైపు మీ మరదలు.

వ్యాసపీఠం మీద గ్రంథం పెట్టలేదు. నా పే స్లిప్ పెట్టాను. "ఈ రోజు చదివేది ఇదే!" అన్నాను. వచ్చేది ఎంత, కోతలు ఎంత, అక్కకు ఇవ్వవలసింది ఎంత, ఉదయ్ తరఫున కట్టింది ఎంత, ఒక్కొక్కటే అరుగు అదిరేలా చదివాను. అయిపోయిందనుకుని కళ్ళు మూసుకున్నాను. ఇందుమతి లేచి నిలబడింది. "సాహు కొట్టులో నాలుగువందల ఎనభై చదవలేదు!" అంది. అదీ చదివాను.

"అయ్యలారా, అమ్మలారా! ఏడో వారం ఫలశ్రుతి నా నోటి దూల. ఏ దేవుడూ చెప్పలేదు. ఎనిమిదో వారం ఫలశ్రుతి ఇదీ: విన్నంత మాత్రాన ఏ బాకీ తొలగదు. కడితే తొలగుతుంది. హరిశ్చంద్రుడు కథ వినలేదు, కాటికాపరిగా నిలబడి సంపాదించి కట్టాడు!"

చప్పట్లు లేవు. వెనక నుంచి సాహు వెక్కి వెక్కి ఏడవడం వినిపించింది. "పండిత్‌జీ, మే మహీనా నుంచి సగం సెక్టర్ నా ఖాతా వైపు చూడలేదు. ఏమని అడిగితే అందరూ పైకి చూసి దండం పెడుతున్నారు. ఇప్పుడు సమఝ్ అయింది!"

ఉదయ్ నా కాళ్ళ మీద పడబోయాడు. పడనివ్వలేదు, తప్పు నాది. పక్క ఊరు కుమ్హారిలో లస్సీ కొట్టు నడిపే వాడి బావమరిది కూడా ఆ రోజు కథకు వచ్చాడు. ఆయన ఫ్రిజ్ తీసుకుని, ఇకముందు వాయిదాలు తాను కట్టుకుంటానని, నేను కట్టిన రెండువేల ఆరువందలు చేతిలో పెట్టాడు. భుజంగరావు అక్కడికక్కడే కొత్త కాగితం తీశాడు. లస్సీ ఆయనకూ పర్మనెంట్ మనిషి పూచీ కావాలట. పెన్ను మూత తీసి, వినయంగా నా వైపు చాపాడు.

అక్కా, చెయ్యి దానంతట అదే లేచింది. నూటయాభై మంది చూస్తున్నారు. చెయ్యి జేబులో పెట్టుకున్నాను. "పెట్టను" అన్నాను. జీవితంలో మొదటిసారి. లస్సీ ఆయన కొట్టు కాగితాలే హామీగా పెట్టుకున్నారు, ఆకాశం ఊడిపడలేదు.

ఎనిమిదివేలకు బ్యాంకు డ్రాఫ్టు ఇందులో పెట్టాను. పైసా తక్కువ లేదు. గడువుకు ఇంకా పదిహేడు రోజులుంది. మురుగులు తొడుక్కుని నన్ను తిట్టు. దూరం నుంచైనా ఆ చప్పుడు నాకు వినిపిస్తుంది.

గురునాథం

తా.క. ఆ బూరెల కారణం ఇప్పటికీ చెప్పలేదు.

---

విజయనగరం
12 నవంబరు 1997

పే స్లిప్‌ను గ్రంథం చేసిన మా గురునాథానికి, అక్క నిండు మనసుతో దీవించి రాసేది.

డ్రాఫ్టు మార్చుకుని నిన్న మీ బావా నేనూ సేటు కొట్టుకు వెళ్ళాం. ఎనిమిదివేలూ లెక్కపెట్టి బల్ల మీద పెట్టాను. ఆయన లెక్కపెట్టుకుని, పుస్తకం తీసి, కళ్ళజోడు తుడుచుకుని, "అమ్మా, ఇంకా ఆరువందల నలభై" అన్నాడు. మీ బావ నా మొహం చూశారు. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

ఒరే, నవ్వకు. నవ్వితే అమ్మ మీద ఒట్టే.

జులై ఆఖరి శనివారానికి నీ ఏడో క్యాసెట్ పూర్తయింది. ఫలశ్రుతి విని జోగమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. నేనూ మొక్కాను. ఆగస్టు ఒకటిన వడ్డీ కట్టడానికి చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, "ఋణం తొలగిపోయాక వడ్డీ ఏటి? కడితే నమ్మకం లేనట్టు కాదా?" అనుకుని వెనక్కి వచ్చీసాను. ఆ డబ్బుతోనే ఏడుగురు ముత్తైదువులకు బూరెలు పెట్టాను. ఆ తరవాత నెలలు కూడా అదే ధైర్యం. నీకు ఫ్రిజ్ గురించి అంత పెద్ద ఉత్తరం రాసిన రోజుకు నా వడ్డీ మూడు నెలలు బాకీ. నువ్వు ఉదయ్‌కుమార్ మాట రాసీసరికి నా గుండె ఆగినంత పనైంది. అందుకే ఆ అర్జెంటు ఉత్తరం. నువ్వు నిజం రాశావు. ఉదయ్ ఒప్పుకున్నాడు, నువ్వు నూటయాభై మంది ముందు ఒప్పుకున్నావు. నేనొక్కదాన్నే మిగిలాను. ఇదిగో, అయిపోయింది.

సేటు దగ్గర మీ బావే రక్షించారు. మిల్లు మూతపడ్డాక ఆయన చేసిన మొదటి పని అది. గబగబా ఇంటికి పోయి టేపురికార్డరు చంకన పెట్టుకుని వచ్చారు. సేటు బటన్లన్నీ నొక్కి చూసి, ఆరువందల నలభైకి సరేనన్నాడు. మురుగులు పెట్టెలోంచి తీసి గుడ్డతో తుడిచి ఇచ్చాడు. అక్కడే తొడుక్కున్నాను. కొంచెం బిగుతయ్యాయి, అమ్మ కంటే నాకు ఒళ్ళెక్కువ. మణికట్టు దాకా ఎలాగో ఎక్కించి, దారి పొడుగునా కొంగు అడ్డం పెట్టకుండా నడిచాను.

బయల్దేరుతుంటే సేటు, "క్యాసెట్లు కూడా ఇస్తారా అమ్మా, కొట్లో పెట్టుకుంటాను, కూర్చున్నవాళ్ళు వింటారు" అన్నాడు. ఆరు ఇచ్చాను. ఏడోది ఇవ్వలేదు. పాపం మంచివాడు, నాలుగు నెలలు నన్ను ఒక్క మాట అన్లేదు. అక్కడ తాకట్టు పెట్టినవాళ్ళందరూ ఆ ఏడోది వింటే ఆయన వీధిన పడతాడు.

జోగమ్మ కూడా పాలవాడికి జులై నుంచి ఇవ్వడం లేదట. రేపు నా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. నా మాట వినదు, నీ మాటే వింటాది. అందుకని ఎనిమిదో శనివారం చెప్పింది మొత్తం, ఇందుమతి లేచి నిలబడ్డంతో సహా, కాగితం మీద పెద్దక్షరాలతో రాసి పంపు. క్యాసెట్ పంపకు. పెట్టుకుని వినడానికి ఇంట్లో ఏటీ లేదు.

మురుగుల చేత్తో,
గౌరక్క